మిరపతోటలో లాటిను

2022 వ సంవత్సరము జనవరి మాసమున ప్రత్తిపాడు పరిసరములలో ఒక మిరపతోట గట్టున నిలిచి వ్యవసాయదారుల కార్యక్రమము కొరకు సంభాషణ రికార్డు చేయుచుంటిమి. పేరునకు ప్రత్తి ఊరే యైనను ఆ యేడు మేము నిలిచినచోట చుట్టును మిరపయే. పైరు ఏపుగనే ఉన్నది గాని పూత నిలుచుటలేదు. తోట యజమాని ఒక పూవును త్రుంచి అరచేతిలో దులిపి చూపెను. నల్లని నలుసులవంటి పురుగులు పది పదునైదు అటునిటు పరుగెత్తినవి.

"తామర పురుగేనని మూడు మందులు మార్చి కొట్టామండీ. ఆకు ముడత లేదు. పూత మాత్రం ఉంటంలేదు" అనెను.

మాతో వచ్చిన శాస్త్రజ్ఞుడు, "ఇది మీరెరిగిన తామర పురుగు కాదు పెద్దాయనా. దీన్ని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు" అని చెప్పెను. రైతు ఆ మాటను పలుకబోయి, మధ్యలో మానుకొని, "ఆ పేరుతో మాకేం పని సార్? మందు పేరు చెప్పండి" అనెను. ఆయన కుమారుడు గుంటూరులో ఇంటర్మీడియట్ బై.పి.సి. చదువుచు సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చి యుండెను. మిరపకు శాస్త్రీయ నామమేమని నేను అడుగగా తడుముకొనక "కాప్సికమ్ అన్నువమ్" అనెను. దాని అర్థమేమని అడిగితిని. "అర్థం సిలబస్‌లో లేదండీ" అని నవ్వెను.

తండ్రి అడిగిన ప్రశ్నయు, కుమారుడు చెప్పిన జవాబును నాతోకూడ గుంటూరుదాక వచ్చినవి. పాఠశాలలో లాటిను చదువుటవలన ప్రయోజనమేమి అను విషయమును మన ప్రాంతములో కూర్చుండి చర్చించుట విడ్డూరముగ తోచవచ్చును. లాటిను చెప్పు పాఠశాల మన పల్లెలలో ఎక్కడున్నది? ఐనను ఆ తండ్రీకొడుకులకు ఏదో ఒక సమాధానము ఋణపడి యున్నాననిపించి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట తండ్రి ప్రశ్న. లాటినులో పార్వుస్ అనగా చిన్నది, స్పీనా అనగా ముల్లు. పార్విస్పైనస్ అనగా చిన్నముల్లు గలది. చాలకాలముగ మన మిరపను పీడించుచున్న పాత తామర పురుగు పేరు స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్. డోర్సుమ్ అనగా వీపు. ఈ పాతది లేత ఆకులపై చేరి రసము పీల్చగా ఆకు అంచులు పైకి తిరుగును. రైతులు దీనినే పైముడత అందురు. నల్లివలన కలుగునది క్రింది ముడత. క్రొత్త పురుగు ముఖ్యముగ పూవులోనికి చేరును, పూత రాలిపోవును, పిందె కట్టదు. ఇది మనదేశమున ప్రవేశించినట్లు 2015 లో బొప్పాయిపై గుర్తించిరి. 2021-22 పంటకాలమున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలోని మిరపతోటలను ముంచివేసినది. పాతదానికి అలవాటైన మందులు దీనిని అదుపు చేయలేకపోయినవి. తెలుగున ఆనాటికి రెండింటికిని ఒకటే పేరు. "నల్ల తామర పురుగు" అను మాట రైతుల నోట స్థిరపడునప్పటికి ఎన్నో ఎకరములలో పూత నేలపాలైనది.

లాటిను పేరు పురుగును చంపదు. అది చెప్పునది ఒక్కటే: ఇది అది కాదు అని. ఆ ఒక్క మాట సకాలమున చెవినిబడి, చెవినిబడినది మనస్సునకు ఎక్కినచో, పాతమందుల పై పెట్టిన డబ్బులో కొంతయైనను మిగులునేమో! దుకాణములో డబ్బామీద ముద్రించిన అక్షరములు, విస్తరణాధికారి పంచిన కరపత్రములోని అక్షరములు, ఆకాశవాణిలో మేము చదువు అక్షరములు — ఇవన్నియు రైతునకు మూసిన తలుపులు. మూసిన తలుపును చూచి "దానితో మాకేమి పని" యనుట సహజమే.

ఇక కుమారుని జవాబు. మిరప మన మొక్క కాదు. పోర్చుగీసువారి మూలమున పదునారవ శతాబ్దిలో అమెరికాఖండము నుండి మనదేశమునకు వచ్చినది. క్రొత్త కారమును చూచి మనవారు తమకు తెలిసిన మిరియము పేరుతోనే దానికి పేరు కట్టుకొనిరి. ఐరోపా శాస్త్రజ్ఞులు కాప్సికమ్ అనిరి. పెట్టె అను అర్థము గల కాప్సా అను లాటిను పదమునుండి ఇది వచ్చినదని పలువురి అభిప్రాయము. లోపల డొల్లగా ఉండి గింజలు దాచుకొన్న కాయకు తగిన పేరే. కొరుకుట యను అర్థము గల గ్రీకు ధాతువునుండి అని మరికొందరందురు. పచ్చిమిరపకాయను కొరికినవారు రెండవ వాదమును బలపరతురు. అన్నువమ్ అనగా ఒక యేటిది. 1753 లో లినీయసు దీనిని ఏకవార్షికమనుకొని అట్లు పేరుపెట్టెను. నిజమునకు మంచు తగులనిచోట మిరపచెట్టు కొన్నియేండ్లు బ్రదుకగలదు. పేరు పెట్టినవాడు పొరబడినట్లు కనిపెట్టవలెనన్నను ముందు పేరు అర్థము కావలెను గదా! కంఠస్థము చేసినవానికి ఆ పొరపాటు ఎన్నడును కనబడదు.

ప్రత్తి సంగతి ఇంకను రుచిగా నుండును. నేడు మన నల్లరేగడిలో విస్తారముగ పండు అమెరికను ప్రత్తి జాతి గోస్సిపియమ్ హిర్సూటమ్. హిర్సూటుస్ అనగా రోమములు గలది. ఆకుమీద నూగు దట్టముగ నున్న రకములను పచ్చదోమ అంతగా బాధింపదని ప్రత్తి పండించువారికి అనుభవమే. కాయను తొలుచు శనగపచ్చ పురుగు పేరులోని ఆర్మిగెరా అను మాటకు ఆయుధధారి యని అర్థము. మన పల్లెలలో ముదుసలి మొదలు పసివాడు వరకు పలుకు "బీటీ" అను రెండక్షరములు బాసిల్లస్ తురింజియెన్సిస్ అను పేరునకు పొట్టి రూపము. బాసిల్లస్ అనగా చిన్న కర్ర. ఆ సూక్ష్మజీవి సూక్ష్మదర్శినిలో కర్రముక్కవలె కనబడును. 1911 లో జర్మనీలోని తురింగియా అను సీమలో పిండిపురుగులో దానిని కనుగొనిరి గావున ఆ సీమ పేరు తగిలినది. 2002 నుండి ఆ సూక్ష్మజీవిలోని గుణమును పొదిగిన విత్తనము మన చేలకు దిగినది. విత్తనమునకు వేలకు వేలు పోసినవారము, ఆ రెండక్షరములు దేనివో అడుగక పోయితిమి.

ప్రత్తి పేరున ఇంకొక ముచ్చట కలదు. సంస్కృతమున ప్రత్తికి కార్పాసమని పేరు. మన బట్టతోపాటు ఆ మాటయు సముద్రము దాటి గ్రీకులో కార్పాసోస్ అయి, లాటినులో కార్బసుస్ అయి సన్నని వస్త్రమునకు పేరైనది. అనగా లాటినువారి నిఘంటువులో మన చేని మాట ఒకటి కూర్చుండియున్నది.

ఇది అరువు. అరువు కాని చుట్టరికము వేరుగ నున్నది. 1786 లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృతమునకు, గ్రీకునకు, లాటినునకు మూలమొక్కటియై యుండవలెనని ప్రకటించెను. పితృ శబ్దమునకు పాతెర్, మాతృ శబ్దమునకు మాతెర్, సప్తకు సెప్తెమ్, దశకు దెకెమ్, శతమునకు కెంటుమ్, నవ అనగా క్రొత్తదానికి నోవుస్, అస్తికి ఎస్త్. మోటారుసైకిలు ఇగ్నిషన్ తాళము త్రిప్పు యువకుడు తాను అగ్నిని పిలుచుచున్నానని ఎరుగడు. లాటినులో ఇగ్నిస్ అనగా అగ్నియే. పంటివైద్యుని డెంటల్ బోర్డులో ఉన్నది దంతమే.

తెలుగు మాత్రము ఈ కుటుంబములోనిది కాదు. 1816 లో కాంబెల్ దొర ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు వ్రాసిన ఉపోద్ఘాతమున, తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదనియు, తమిళ కన్నడములతో దీనికి పుట్టుసంబంధమనియు నిరూపించెను. ఇంగ్లీషు సంగతియు ఇట్టిదే. ఇంగ్లీషు లాటినునకు పుట్టిన బిడ్డ కాదు, జర్మను కుటుంబములోనిది. ఇంటిమాటలు తనవి, విద్యమాటలు లాటినునుండి తెచ్చుకొన్నవి. తెలుగునకు సంస్కృతమెట్లో ఇంగ్లీషునకు లాటిను అట్లు. ఇంగ్లండులో లాటిను పాఠము గురించి నడచిన వాదములన్నియు మనకు పనికివచ్చుట ఈ పోలికవలననే.

ఆ వాదములలో చాలభాగము గాలిమాటలని చెప్పక తప్పదు. లాటిను బుద్ధికి సాము వంటిదనియు, లాటిను చదివినవాడు గణితములో, తర్కములో, అన్నింటిలోను చురుకగుననియు పూర్వులు నమ్మిరి. 1924 లో అమెరికాలో థారన్‌డైకు అను మనశ్శాస్త్రవేత్త వేలకొలది విద్యార్థులను పరీక్షించి చూడగా, లాటినునకు అట్టి ప్రత్యేక మహిమ కనబడలేదు. తెలివిగల పిల్లలు లాటిను తీసికొనుచుండిరి. తెలివి లాటినుదని పెద్దలు భ్రమించిరి. 2003 లో జర్మనీలో హాగ్, స్టెర్ను అను ఇద్దరు పండితులు మరియొక సంగతి తేల్చిరి. ముందు లాటిను చదివినవారికంటె ఫ్రెంచి చదివినవారే స్పానిషు భాషను తక్కువ తప్పులతో వ్రాయగలిగిరి. ఇంకొక భాష రావలెనన్నచో దానికి దగ్గరి జీవద్భాషను చదువుటయే మేలని తేలినది. సంస్కృతము చదివిన గణితము దానంతట అదే వచ్చునని మనలో చెప్పువారు కూడ ఈ పరిశోధనలు ఒకమారు చూడవలెను.

మరి మిగిలినదేమి? మాట మిగిలినది. మాటను విప్పి చూచు అలవాటు మిగిలినది. ఇది చిన్న లాభమని నేననుకొనను.

లాటిను మన గడపకు క్రొత్తదికూడ కాదు. ఫిరంగిపురములో పదునెనిమిదవ శతాబ్దినుండి కతోలికులున్నారు. 1960 ల మధ్యభాగము వరకు అచ్చట పూజ లాటినులోనే జరుగుచుండెను. ద్వితీయ వాటికను మహాసభ 1963 లో చేసిన నిర్ణయము తరువాత తెలుగు ప్రవేశించినది. ఊరిలోని తాతలు అర్థము తెలియకయే ఏండ్ల తరబడి లాటినులో బదులు పలికిరి. ఇక కచ్చేరీలలోని లాటినునకు మతభేదము లేదు. అఫిడవిట్టు అనగా ప్రమాణము చేసెను అని అర్థము. అది పూర్తి క్రియాపదము, మనము కాగితమునకు పేరుగ వాడుచున్నాము. మన రాజ్యాంగము 32, 226 అధికరణములలో పౌరునకిచ్చిన రిట్లలో హెబియస్ కార్పస్ అనగా నీ యొద్ద శరీరముండవలెను, అనగా నిర్బంధించిన మనిషిని ఎదుటికి తెమ్మని. కో వారంటో అనగా ఏ అధికారముతో అని. ప్రశ్నలో ఎంత ధైర్యమున్నదో చూడుడు! ఒక సామాన్యుడు పదవిలో కూర్చున్నవానిని "ఏ హక్కుతో కూర్చుంటివి?" అని అడుగుటకు న్యాయస్థానము ఎరువిచ్చిన మాట అది. వైద్యుడు చీటీమీద వ్రాయు బి.డి. యనగా బిస్ ఇన్ దియే, దినమునకు రెండుసార్లు. టి.డి.ఎస్. యనగా దినమునకు మూడుసార్లు తీసికొనవలసినది. హెచ్.ఎస్. యనగా నిద్రవేళ. మా తల్లిగారు ఒకమారు హెచ్.ఎస్. అనునది మందు పేరనుకొని దుకాణములో దానిని వేరుగ ఇమ్మని అడిగిరి. దుకాణములోని పిల్లవానికిని తెలియలేదు; అయిపోయినదని చెప్పి పంపెను.

భాషానిర్మాణము విషయమున తెలుగు బాలునకు లాటిను ఇంగ్లీషు బాలునకంటె సులభమని నా నమ్మకము. "రైతు గడ్డిని కోయును" అన్నను, "గడ్డిని రైతు కోయును" అన్నను మనకు అర్థమొక్కటే. విభక్తి పని చేయుచున్నది గనుక మాట ఎచ్చట నున్నను చిక్కులేదు. లాటినులోను అంతే: అగ్రికొలా హెర్బామ్ సెకాత్, హెర్బామ్ అగ్రికొలా సెకాత్. క్రియ కడపట నుండుట కూడ మనకు అలవాటే. ఇంగ్లీషు పిల్లలు ఇచ్చట నెలలతరబడి తబ్బిబ్బగుదురు. అగ్రికొలాలో అగ్రి అనగా చేను. సెకాత్ లోని కోత సెక్షన్‌లోను, నడుము కోసినట్లుండు ఇన్‌సెక్టులోను కలదు. పురుగునకు ఆ పేరెందుకు వచ్చెనో చీమను చూపి చెప్పినచో నాల్గవ తరగతి బిడ్డయు మరువడు.

ఐతే మన పాఠశాలలలో లాటిను పెట్టుమని నేను కోరుటలేదు. చెప్పువారు లేరు, పెట్టుటకు గంట లేదు. ఇంగ్లండులోనే 2021 లో ప్రకటించి మరుసటి యేట నలుబది ప్రభుత్వ పాఠశాలలలో ఆరంభించిన లాటిను పథకము 2025 ఫిబ్రవరిలో నిధులులేక ఆగిపోయినది. మనకు చేతనున్నది సంస్కృతము. దానిని మనమేమి చేయుచున్నామో చూతము.

తెలుగు మాధ్యమమున చదివినవారికి కిరణజన్యసంయోగక్రియ అను మాట గుర్తుండియే యుండును. పలుకుటకే భయము. దానిని ముక్కలు చేయుడు: కిరణము, దానివలన జన్యము, సంయోగము, క్రియ. వెలుతురు కిరణమువలన పుట్టిన కలయిక యను పని. పాఠములోని సగము విషయము పేరులోనే చెప్పబడియున్నది. ఇంగ్లీషువారు ఫోటోసింథెసిస్ అని గ్రీకుమాటతో చెప్పినదియు ఇదియే. సమబాహు త్రిభుజములో సమము, బాహువు ఉన్నట్లే ఈక్విలేటరల్‌లో సమమను ఈక్వుస్, ప్రక్క యను లాతుస్ ఉన్నవి. ఇట్లు విప్పి చెప్పు ఉపాధ్యాయుని యొద్ద చదివిన బిడ్డకు ఇంగ్లీషు మాధ్యమమునకు మారినప్పుడు కూడ నష్టముండదు. ఒక పెట్టె తెరచుట నేర్చినవానికి రెండవ పెట్టె మూత ఎచ్చట నుండునో తెలియును. విప్పని వానికి రెండు భాషలలోను బరువే.

ఇచ్చట జాషువగారిని తలపక ముందునకు పోజాలను. 1895 లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱము జాషువ కవికి కులము పేరున ఎదురైన అవమానములు లోకవిదితములు. ఆయన సంస్కృతము నేర్చి ఉభయభాషాప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణులై, గుంటూరులో తెలుగు పండితులుగ పనిచేసిరి. కాళిదాసు మేఘమును దూతగా పంపిన కావ్యమార్గమును చేపట్టి, గుడిలోనికి రానీయబడని మనుష్యుని మొరను గుడిలోనికి పోగల గబ్బిలముచేత శివునకు చెప్పించిరి. 1941 లో వెలువడిన ఆ కావ్యము సంస్కృతమును దూరముంచినవారి చేతిలోని ఆయుధమునే వారి ఎదుట నిలిపినది. తరువాత 1957 నుండి కొంతకాలము ఆయన మద్రాసు రేడియో కేంద్రములో ప్రోడ్యూసరుగ నుండిరి. మా వృత్తిలోనివారని చెప్పుకొనుట మాకొక గర్వము. ఐరోపాలో లాటిను కూడ చిరకాలము కలిగినవారి మగపిల్లల సొత్తుగ నుండెను. ఆడపిల్లలకు, కూలివారి బిడ్డలకు ఆ తరగతి తలుపు తీయలేదు. ప్రాచీనభాష వలన లాభమెంత అని అడుగుటకు ముందు ఎవరికి అని అడుగవలసియున్నది.

నేడు తలుపు తెరచియున్నది. లోపల పాఠము లేదు. జూనియరు కళాశాలలలో ద్వితీయభాషగా సంస్కృతము తీసికొనువారు అనేకులు. కారణమడిగినచో "మార్కులు వస్తాయండీ" అందురు. నేనెరిగిన విద్యార్థులలో నూటికి తొంబదిమార్కులు దాటినవారు రామశబ్దము సగము చెప్పలేరు. ఇచ్చిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు వల్లించి, తెలుగులోనో ఇంగ్లీషులోనో వ్రాసి వచ్చినవారే. పిల్లలను తప్పుపట్టను. ఎంట్రెన్సు పరీక్షల ఒత్తిడిలో నున్న బిడ్డ ఏది సులువో దానిని ఎంచుకొనును. కాని అదే బిడ్డ ప్రక్క గదిలో జీవశాస్త్రము పేరున వందలకొలది లాటిను నామములను రాత్రి పగలు వల్లించుచున్నాడు. ఒక గదిలో అర్థములేని సంస్కృతము, మరియొక గదిలో అర్థములేని లాటిను!

కావలసినది క్రొత్త పాఠ్యపుస్తకము కాదు. వారమునకు ఒక అరగంట చాలును. సంస్కృతము చెప్పువారు, జీవశాస్త్రము చెప్పువారు ఆ అరగంట కలిసి కూర్చుండి, ఆ వారమున వచ్చిన కఠినపదములను నల్లబల్లమీద ముక్కలు చేసి చూపవలెను. పరీక్ష పెట్టరాదు, పరీక్ష పెట్టినచో దానికిని గైడు అచ్చగును. ఒక యేటికి రెండువందల ధాతువులు, ఉపసర్గలు పట్టుబడినచో తక్కినవి పిల్లలే విప్పుకొందురు. పొన్నూరువంటి చోట్ల సంస్కృతవిద్య యున్న ఊళ్లలో ఇది రేపే ఆరంభింపవచ్చును.

ఆ ప్రత్తిపాడు విద్యార్థి మరుసటి యేడు మా కేంద్రమునకు టెలిఫోను చేసెను. నా పేరు మరచిపోయినాడు గాని "అర్థం అడిగినవారు కావాలి" అని అడుగగా, మావారికి వెంటనే తెలిసినది. పొగాకు లద్దె పురుగు పేరు స్పోడాప్టెరా లిట్యురా గదా, లిట్యురా అనగా ఏమి అని అతని ప్రశ్న. నిఘంటువు చూచి, వ్రాతమీద సిరా అలికిన మరక అని చెప్పితిని. అవతల కొంతసేపు మాట లేదు. "దాని రెక్కల మీద గీతలు, మరకలు ఉంటాయండీ. అందుకేనా?" అనెను. అయియుండవచ్చునంటిని. "ఉండండి, నాన్నకి చెప్తాను" అని టెలిఫోను పెట్టివేసెను.